ముందు తెర కట్టండి, సినిమాలు అవే వస్తాయి: మన వీధిలో ఓపెన్ స్క్రీన్ ఎలా పెట్టాలి

ప్రతి వీధిలో ఒక సినిమా పిచ్చోడుంటాడు, మన బెజవాడలో అయితే అపార్ట్‌మెంట్‌కి ఫ్లోర్‌కొకడు. ఫోన్లో ఏదో తీస్తాడు, సగం ఎడిట్ చేస్తాడు, "ఇంకా ఫైనల్ అవ్వలేదు బ్రో" అని దాచుకుంటాడు, ధైర్యం చేసి యూట్యూబ్‌లో పెడితే 43 వ్యూస్ వస్తాయి, అందులో 20 వాడివే. అలాంటోడికి కొత్త కెమెరా కొనిచ్చినా ఏం మారదు. ఫలానా శనివారం రాత్రి ఏడింటికి మన సందు చివర తెర కడుతున్నాం, నీ సినిమా వేస్తాం, పక్కింటి పిన్నిగారితో సహా అందరూ చూస్తారు అని చెప్పండి, వారం ముందు నుంచి నిద్ర పట్టక వాడే ఫైనల్ చేస్తాడు.

ఓపెన్ స్క్రీన్ అంటే అంతే. ఎవరు తీసింది వాళ్ళు తెచ్చుకుంటారు, చాప కూడా వాళ్ళే తెచ్చుకుంటారు, సెలక్షన్ లేదు, టికెట్ లేదు, తీసినవాళ్ళు జనం మధ్యలోనే కూర్చుంటారు. ఇదేం కొత్తది కాదు. 1999లో కెనడాలోని మాంట్రియల్లో కొంతమంది కుర్రాళ్ళు కినో అని పేరు పెట్టుకుని నెలకో చిన్న సినిమా తీసి ఒకళ్ళకొకళ్ళు చూపించుకోవడం మొదలెట్టారు, ఏమీ లేకపోయినా బాగా తియ్యి, కొంచెం ఉంటే ఇంకా బాగా తియ్యి, ఏదైనా ఇప్పుడే తియ్యి అన్నది వాళ్ళ లెక్క. అంత దూరం ఎందుకు, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్ళు, బడి మొహం సరిగా చూడనివాళ్ళు, కెమెరా పట్టి వాళ్ళ పొలాల మీద, విత్తనాల మీద వాళ్ళే సినిమాలు తీశారు. ఇక టెంటు వేసి బొమ్మ చూపించడమంటారా, బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్య నాయుడు గారు 1910 ప్రాంతంలోనే క్రోనోమెగాఫోన్ అనే మెషీన్ కొనుక్కుని ఊళ్ళు తిరిగారు, ఆ తిరుగుడులో బెజవాడ కూడా ఉంది. కాబట్టి మొహమాటపడకండి, మన దగ్గర ఇది పాత అలవాటే.

ముందు డేట్ వెయ్యండి

సినిమాలు పోగయ్యాక డేట్ వేద్దాం అనుకుంటే జన్మలో అవ్వదు. డేట్ వేసి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాకే మిగతాదంతా.

మన వైపు డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా బెస్ట్. అక్టోబర్, నవంబర్లలో ఎప్పుడు ఏ తుఫాను వస్తుందో తెలీదు, జూన్ నుంచి వానలు, వాన పడ్డ సాయంత్రం ప్రొజెక్టర్ వెలుగుకి ఉసిళ్ళు వచ్చాయంటే సినిమా బదులు వాటినే చూడాలి. మార్చిలో ఇంటర్, టెన్త్ పరీక్షలు, మైక్ పెట్టారంటే తల్లిదండ్రులు మీ ఇంటికొస్తారు, రావాలి కూడా. నన్నడిగితే సంక్రాంతి వారం, హైదరాబాద్ నుంచి బెంగుళూరు నుంచి అందరూ దిగి ఉంటారు, కోడిపందేలూ పేకాటా కాకుండా ఇంకో పని కావాలి వాళ్ళకి.

చీకటి లెక్క చూసుకోండి. నవంబర్ చివర్లో మనకి సాయంత్రం ఐదున్నరకే పొద్దు గూకుతుంది, జూన్‌లో అయితే 6:40 దాటుతుంది. సూర్యుడు దిగాక కూడా ఇంకో అరగంట ఆకాశంలో వెలుగు ఉంటుంది, ఆ టైమ్‌లో మొదలెడితే తెర మీద తెల్లకాగితమే. సంక్రాంతికైతే ఆరున్నర నుంచి ఏడు మధ్యలో మొదలెట్టొచ్చు, ఎండాకాలం ఏడున్నరకి ముందు వద్దు.

చోటు

అందరికీ ముందు గుర్తొచ్చేది కృష్ణ ఒడ్డు. పున్నమి ఘాట్‌లో తెర కడితే ఎంత బాగుంటుందో అని ఊహించుకుంటాం గానీ గాలికి తెర తెరచాప అయిపోతుంది, పైగా పర్మిషన్ల కోసం తిరగాలి, మొదటిసారి అటు పోవద్దు. అపార్ట్‌మెంట్ సెల్లార్ పక్కన ఖాళీ, కాలనీ కమిటీ హాలు ముందు, రామాలయం ఆవరణ, గుంటూరు వాళ్ళకైతే బ్రాడీపేట, అరండల్‌పేట అడ్డరోడ్లలో ఎవరైనా పెద్దాయన ఖాళీ సైటు, ఇలాంటివి చూడండి. మూడు పక్కల గోడలుంటే గాలీ తగలదు, సౌండూ బయటికి పోదు.

డాబా మీద పెట్టుకోవచ్చు, కాకపోతే పిట్టగోడ నడుము ఎత్తు అయినా లేకపోతే వదిలెయ్యండి, చీకట్లో పిల్లలు పరిగెడతారు. కాలువ గట్టు పక్కనైతే దోమల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

ఏదైనా సరే రాత్రి ఎనిమిదింటికి ఒకసారి వెళ్ళి నిలబడి చూడండి. పగలు చూస్తే వీధి లైట్ ఎక్కడుందో పట్టదు. లైట్ తెర మొహాన పడకూడదు, తెర వెనకాల పైన ఉన్నా పర్లేదు. మున్సిపాలిటీ లైట్ మీద మీరే గోనెసంచి కప్పే ప్రోగ్రామ్ మాత్రం పెట్టుకోకండి, తెర దిక్కు మార్చుకుంటే పోయేదానికి స్తంభం ఎక్కడం దేనికి.

పర్మిషన్లు, కొంచెం బోరు గానీ చదవండి

లౌడ్‌స్పీకర్ వాడాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు ఆ మాటే చెప్తాయి, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట మైక్ ఉండకూడదు. ఆస్పత్రులు, స్కూళ్ళు, కోర్టులకి 100 మీటర్ల లోపు సైలెన్స్ జోన్. ఇళ్ళ మధ్య పగటిపూట, ఈ నియమాల లెక్కలో పగలంటే పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా, పరిమితి 55 డెసిబెల్స్, అంటే మామూలుగా మాట్లాడుకునేంత, కాబట్టి పెద్ద పెద్ద బాక్సుల జోలికి పోనే వద్దు. ఒక తెల్లకాగితం మీద తేదీ, టైమ్, చోటు, ఎంతమంది, ఎవరు బాధ్యులు రాసి మీ స్టేషన్లో ఇవ్వండి, స్థలం ఓనర్ సంతకం కూడా పెట్టించండి. పొరుగిళ్ళకి మీరే వెళ్ళి నోటితో చెప్పండి, ముఖ్యంగా పసిపిల్లలున్న ఇంటికి, ఒంట్లో బాలేని పెద్దవాళ్ళున్న ఇంటికి.

రెండోది, 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం పబ్లిక్‌కి వేసే సినిమాకి సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. అందుకే దీన్ని ఊరందరికీ పోస్టర్ వేసి టికెట్ పెట్టి చెయ్యకండి, మన కాలనీ వాళ్ళు, వాళ్ళు పిలుచుకున్న చుట్టాలు స్నేహితులు, అంతవరకే. పెద్దగా చెయ్యాలనిపిస్తే అప్పుడు లాయర్‌ని అడిగి చేద్దురు గాని.

మూడోది పాటలు. మనోళ్ళు తీసిన మూడు నిమిషాల సినిమాలో రెండున్నర నిమిషాలు ఏదో హిట్ సినిమా బీజీఎం ఉంటుంది. అది ఇంకోళ్ళ సొత్తు. ముందే చెప్పెయ్యండి, సినిమా పాటలు వద్దు అని. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచితంగా వాడుకునేవి బోలెడున్నాయి, ఇంకా మంచి దారి ఏంటంటే వీధిలో కీబోర్డ్ నేర్చుకునే పిల్లో, డోలు కొట్టే ఆయనో ఉంటారు కదా, వాళ్ళని పట్టుకోండి, సినిమాకి సంగీతమూ వస్తుంది, చూడ్డానికి ఇంకో కుటుంబమూ వస్తుంది.

తెర

నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తా.

సైజు 12 అడుగుల వెడల్పు పెట్టుకోండి, అప్పుడు ఎత్తు 6 అడుగుల 9 అంగుళాలు, అంటే 16కి 9 లెక్క. 60, 70 మందికి ఇది చాలు. తాతగారి గ్లాస్కో పంచె కట్టేద్దాం అనుకుంటారు కానీ బట్ట పలచనైతే వెలుగు సగం వెనక్కి పోతుంది, బొమ్మ వెనక సందులో వాళ్ళకి కూడా కనిపిస్తుంది. మందం కాటన్ బట్ట తీసుకుని దాని వెనక నల్లబట్ట ఒక పొర వేసి కుట్టించండి. అంత వెడల్పులో ఒకే పన్నా దొరక్కపోతే అతుకు వెయ్యక తప్పదు, ఆ అతుకు అడ్డంగా కింది భాగంలో రావాలి, నిట్టనిలువుగా మధ్యలో వస్తే ప్రతి హీరో ముక్కు మీదా కుట్టు కనిపిస్తుంది. ఇస్త్రీ చెయ్యకపోయినా పర్లేదు, గట్టిగా లాగి కడితే ముడతలు పోతాయి. ఫ్లెక్స్ షాపులో ప్రింట్ లేని తెల్ల ఫ్లెక్స్ దొరుకుతుంది, చవకే, కాకపోతే మెరుపు ఉంటే మధ్యలో లైట్ చుక్కలా కొడుతుంది, మెరుపు లేనిది అడగండి. చుట్టూ నాలుగు అంగుళాల నల్ల అంచు వేయిస్తే బొమ్మ ఎంత తేటపడుతుందో మీరే చూస్తారు.

కట్టడానికి షామియానా సప్లై వాళ్ళ దగ్గర సరుగుడు బాదులు తెచ్చుకోండి, నిలువు రెండు, అడ్డం రెండు. అంచు చుట్టూ అడుగుకొకటి చొప్పున రింగులు వేయించండి, కానీ తాడుతో నేరుగా కర్రకి కట్టకండి. సైకిల్ షాపులో పాత ట్యూబులు అడగండి, ఊరికే ఇస్తారు, వాటిని అడ్డంగా కత్తిరిస్తే రబ్బరు రింగులు వస్తాయి, తాడుకీ కర్రకీ మధ్యలో ఆ రబ్బరు వెయ్యండి. గాలి వచ్చినప్పుడు తెర కొంచెం సాగి మళ్ళీ వెనక్కి వస్తుంది, చిరగదు, కర్ర పడదు. గాలి మరీ ఎక్కువైతే కింది వరస రింగులు విప్పెయ్యండి, తెరకి చిల్లులు పెడితే గాలి పోతుంది అని ఎవరో ఒక పెద్దమనిషి సలహా ఇస్తాడు, వినకండి. బాదులకి రెండు పక్కలా ఏటవాలుగా తాళ్ళు లాగి సిమెంటు సంచుల్లో ఇసుక నింపి వాటికి కట్టండి, ఆ తాళ్ళకి తెల్ల గుడ్డముక్కలు వేలాడదియ్యండి, చీకట్లో పిల్లల కాళ్ళకి తగిలేది ఆ తాళ్ళే.

తెర కింది అంచు నేల నుంచి నాలుగు అడుగులు ఉండాలి. ముందు చాపలు, తర్వాత కుర్చీలు, చివర్లో నిలబడేవాళ్ళు. కుర్చీలు ముందుకి వచ్చాయంటే ఇక గొడవే.

ప్రొజెక్టర్, సౌండ్, కరెంటు

ప్రొజెక్టర్ కొనకండి, అద్దెకి తీసుకోండి, లేదా ఏ ట్యూషన్ సెంటర్ మాస్టారినో బతిమాలండి. ఆన్సీ (ANSI) ల్యూమెన్స్ ఎంత అని అడగండి, వెలుగుని కొలిచే స్టాండర్డ్ లెక్క అది, 3000 ఉంటే ఈ తెరకి సరిపోద్ది. ఆన్‌లైన్లో అరచేతంత ప్రొజెక్టర్ల డబ్బా మీద 9000 ల్యూమెన్స్ అని ఉంటుంది చూడండి, అది ఆన్సీ లెక్క కాదు, బెడ్‌రూమ్‌లో తలుపులేసుకుని చూసుకోడానికి పనికొస్తాయి అంతే. దూరం లెక్క ఈజీ, త్రో రేషియో, అంటే తెర వెడల్పుకి ఎన్ని రెట్ల దూరంలో పెట్టాలన్నది, 1.5 అని ఉంటే 12 అడుగుల తెరకి 18 అడుగుల దూరం. అంటే ప్రొజెక్టర్ జనం మధ్యలోకి వస్తుంది, కాబట్టి ఎత్తు బల్ల మీద పెట్టి నాలుగు కుర్చీలు అడ్డం వెయ్యండి, లేకపోతే ప్రతి ఐదు నిమిషాలకీ ఎవరిదో తల తెర మీద నటిస్తుంది.

స్పీకర్లు తెర పక్కన ఉండాలి, ప్రొజెక్టర్ పక్కన కాదు. మాట మొహం దగ్గర్నుంచి రావాలి కదా. బ్లూటూత్ వద్దు, పెదాలు ముందు కదులుతాయి మాట తర్వాత వస్తుంది, వైరే లాగండి. మైక్ సెట్ కుర్రాణ్ణి పిలిస్తే పొడుగు వైరు, చిన్న మిక్సరు వాడే తెస్తాడు, ఒక చేతి మైకు కూడా తెమ్మనండి, అది ఎందుకో కింద చెప్తా.

కరెంటు మొత్తం కలిపి చూస్తే ప్రొజెక్టర్ 300 వాట్లు, స్పీకర్లు వంద నుంచి రెండొందలు, ల్యాప్‌టాప్ ఇంకో 60, 70, అంతే. ఇంట్లో 150 ఏహెచ్ బ్యాటరీతో ఉన్న ఇన్వర్టర్ మంచి కండిషన్లో ఉంటే షో అయ్యేదాకా లాగుద్ది. కనీసం ప్రొజెక్టర్ అయినా దాని మీద పెట్టండి, లాంపు ఉన్న మోడల్ అయితే కరెంటు పోయి ఫ్యాన్ ఠక్కున ఆగితే లాంపుకి మంచిది కాదు. జనరేటర్ తెస్తే ఆ డబడబలో డైలాగ్ ఒక్కటి వినపడదు. జనవరిలో మంచు పడి నేల తడుస్తుంది, జంక్షన్ బాక్సులు ఇటుకల మీద పెట్టండి, నేల మీద వద్దు.

సినిమాలు తెప్పించడం

రూల్ ఒకటే, ఎవరు ఏం తెచ్చినా వేస్తాం, ఐదు నిమిషాలు దాటకూడదు, తీసినవాళ్ళు వచ్చి కూర్చోవాలి. ప్రైజులు పెట్టకండి. ఇది నేను గట్టిగా చెప్తున్నా. ఫస్ట్ ప్రైజ్ అన్నారంటే గింబల్, డ్రోను వేసుకుని కాలేజీ టీములు దిగుతాయి, వాళ్ళ ముందు మన మూడో ఫ్లోర్ ఆంటీ తన ఫోన్లో తీసిన ఆవకాయ సినిమా బయటికి తియ్యదు, ఆ ఆంటీ సినిమా కోసమే కదా మనం ఇదంతా చేస్తున్నది.

మా వైపు షోలో ఓ టైలర్ గారిది వేశాం. రెండు నిమిషాలు, ఫోన్ నిలువుగా పట్టుకునే తీశాడు. మొత్తం ఆయన కాలు, కుట్టుమిషన్ పెడలు, పైన ఒక ఎర్ర పట్టు జాకెట్టు. మధ్యలో బాబిన్ దారం అయిపోతుంది, కాలు ఆగుతుంది, "ఛ" అని ఒక్క మాట, మళ్ళీ దారం చుట్టి కాలు ఆడుతుంది. చాపల మీద కూర్చున్నావిడ ఒకావిడ "అదుగో నా జాకెట్టు, పండగకిస్తానన్నాడు ఇంకా ఇవ్వలా" అని గట్టిగా అరిచింది, ఇక ఆ సినిమాకి వచ్చినంత చప్పట్లు దేనికీ రాలేదు. థియేటర్లో ఏ డైరెక్టర్‌కీ దొరకని సంగతి ఇది, చూసేవాళ్ళకి తెర మీద ఉన్న వస్తువు ఎవరిదో తెలుసు.

మొదటిసారి తీసేవాళ్ళు "ఏం తియ్యమంటారు" అని అడుగుతారు. కథ రాయమనకండి, ఒక చిన్న పని ఇవ్వండి. 1895లో ల్యూమియేర్ అన్నదమ్ములు పారిస్‌లో వేసిన మొట్టమొదటి సినిమాలు ఒక్కొక్కటి సుమారు 50 సెకన్లు ఉంటాయి, కెమెరా కదలదు, కట్ లేదు. అదే చెయ్యమనండి, ఫోన్ ఏ గూట్లోనో ఆనించి అడ్డంగా పెట్టి 50 సెకన్లు ముట్టుకోకుండా వదిలెయ్యండి అని. పొద్దున పాలప్యాకెట్ల బండి, బందరు కాలువ గట్టు మీద బట్టలుతుకుడు, మిర్చి యార్డు బయట తుమ్ముతూ టీ తాగే హమాలీ, ఏదైనా. ఎడిటింగ్ కావాలన్నవాళ్ళకి ఫోన్లో కైన్‌మాస్టర్, కంప్యూటర్ ఉంటే డావిన్సీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ చాలు. మొహాలు తీసేముందు అడగమని మాత్రం చెప్పండి, పిల్లలైతే వాళ్ళ అమ్మానాన్నని. 12 అడుగుల సైజులో తన మొహం చూసుకోడానికి అందరూ ఇష్టపడరు.

ఫైళ్ళు మూడు రోజుల ముందే తీసుకోండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నలిగిపోయి వస్తుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదంటే పెన్‌డ్రైవ్. ఎంపీ4, 1080 సైజు చాలు. నిలువు వీడియోని సాగదియ్యకండి, పక్కన నలుపు ఉంటే ఉండనివ్వండి. అన్నీ ఒకే ఫోల్డర్లో వేసి 01, 02 అని నంబర్లు పెట్టి వీఎల్‌సీలో మొదటి నుంచి చివరిదాకా ఒకసారి వరసగా ఆడించి వినండి. ఒకటి గుసగుసగా ఉంటుంది, ఇంకోటి చెవులు బద్దలు కొడుతుంది, ఏది ఎంత పెంచాలో తగ్గించాలో కాగితం మీద రాసుకోండి. మొత్తం కలిపి 70 నిమిషాలు దాటనివ్వకండి. ఎక్కువొస్తే మిగిలినవి వచ్చేసారికి అని ఇప్పుడే మాటివ్వండి. వరసలో ముందు ఒక చిన్న నవ్వులాట, తర్వాత పిల్లలవి, ఎందుకంటే ఎనిమిదిన్నరకల్లా నిద్రపోతారు, ఏడుపు సినిమా ఇంటర్వెల్ తర్వాత.

షో రోజు

మధ్యాహ్నం మూడింటికల్లా బాదులు నిలబడాలి. ఆ టైమ్‌కి ఊరికే చూడ్డానికి వచ్చే పిల్లలుంటారు కదా, వాళ్ళని నాలుగు జట్లు చేసి చీటీలు తీయించండి, "తాళం పోయింది", "మా సందులో కుక్క", "అమ్మ ఫోన్ ఎత్తట్లేదు" ఇలాంటివి రాసి. ఆరింటి లోపు ఒక నిమిషం సినిమా తీసుకురావాలి, ఎడిటింగ్ లేకుండా, తీసిన వరసలోనే వేసేస్తాం అని. రాత్రికి అవే హైలైట్ అవుతాయి, చూడండి కావాలంటే.

తీసినవాళ్ళు సినిమాకి ముందు లేచి పేరు, ఎక్కడ తీశారు చెప్పాలి, అంతే. "టైమ్ లేక సరిగా రాలేదండీ, క్షమించాలి" అన్న మాట బ్యాన్. మనోళ్ళకి అది ఊతపదం.

ఇంటర్వెల్ తప్పనిసరి, లేకపోతే బెజవాడ జనం ఒప్పుకోరు. పిడత కింద పప్పు బండి ఆయన్ని ముందే మాట్లాడి పెట్టుకోండి, పునుగులైతే నూనె చేతులు చాపలకి, తర్వాత మీ ఇష్టం. ఇంటర్వెల్ అయ్యాక ఆ చేతి మైకు బయటికి తియ్యండి. ఏదైనా ఒక సినిమా సౌండ్ మ్యూట్ చేసి మళ్ళీ వేసి ముగ్గురు నలుగురికి మైకు ఇచ్చి డబ్బింగ్ చెప్పమనండి. మూకీల రోజుల్లో తెర పక్కన నిలబడి కథ చెప్పేవాళ్ళుండేవాళ్ళు, అదే పని. టైలర్ గారి సినిమాకి ఆ జాకెట్టు ఆవిడే డబ్బింగ్ చెప్పింది, కుట్టుమిషన్ తరఫున. పెద్దవాళ్ళు మొదట సిగ్గుపడతారు, మైకు చేతికొచ్చాక లాక్కోవడం కష్టం, పది అవ్వకముందే ఆపాలని గుర్తుపెట్టుకోండి.

అయ్యాక

జనం లేవకముందే వచ్చే షో డేట్ మైకులో చెప్పెయ్యండి, లేచాక చెప్తే ఎవరూ వినరు. ఫైళ్ళు ఎవరివి వాళ్ళకి ఇచ్చెయ్యండి, అడక్కుండా మీ ఛానల్లో పెట్టుకోకండి. ప్లాస్టిక్ కప్పులు ఏరించండి, స్థలం ఇచ్చిన పెద్దాయన పొద్దున్నే వచ్చి చూసేది అదే.

తెర మాత్రం ఆ రాత్రికే మడత పెట్టకండి. మంచుకి తడిసి ఉంటుంది, ఎవరింటి డాబా మీదైనా మర్నాడు మధ్యాహ్నం దాకా ఆరెయ్యండి, తడి మీద మడత పెడితే బూజు మచ్చలొస్తాయి, ఆ మచ్చ ఎక్కడ పడితే ఇక ప్రతి సినిమాలో హీరోకి అక్కడ పుట్టుమచ్చ.